మూడో గేటు, రెండో ఆల్బమ్

చిత్తూరు దాటినాక గుజ్జు ఫ్యాక్టరీ, దాని వెనక గోడౌను.
నెలకు మూడువేలు, కరెంటు వేరే.
బెంగుళూర కాయ దిగే లోపల
ఖాళీ చెయ్యాలన్నాడు ఓనరు.
ఏం పాటలివి అని కూడా అడిగినాడు.
పాప్ పంక్ సార్, అన్నాడు జాఫర్,
ఏడుపును తొందరగా పాడేది.

మొదటి ఆల్బమ్ నాటికి
డ్రమ్ములు యుగంధర్, బేసు పీటర్,
గిటార్లూ గొంతులూ జాఫరూ నేనూ.
కాలేజీ బస్సులో వెనక సీటు మాది.
మూడో గేటు పడినప్పుడల్లా
గూడ్సు పోయేదాకా సీటు మీద దరువు.
బ్యాండుకు పేరు ఎవరూ పెట్టలా, అదే పడింది.

యుగంధర్ కొట్లాడి పోలేదు.
కొట్లాడి పోయుంటే ఒక పాటైనా వచ్చుండేది.
వాళ్ళ మామ ట్యాంకరు కొన్నాడు,
నమ్మకమైన డ్రైవరు కావాల, అంతే.
"మరలకు గ్రీజు పెట్టండ్రా అప్పుడప్పుడూ"
అని చెప్పి పోయినాడు.
మేం పెట్టలేదు.

పీటర్ మాత్రం కొట్లాడినాడు.
ముప్పై ఏండ్లొచ్చినా ఈ మూడు కార్డులేనా అన్నాడు.
నాకప్పుడు ఇరవై తొమ్మిది.
ఇప్పుడు వేలూరులో పెండ్లిళ్ళకు కీబోర్డు వాయిస్తాడు,
తెల్ల షర్టు, టక్కు.
మొన్న ఒక రిసెప్షన్లో ఎదురుపడితే
ఐస్‌క్రీము కప్పులు పట్టుకోని
ఇద్దరం వాన గురించి మాట్లాడుకున్నాం.

బేసుకు పలమనేరు నించి శరవణ వచ్చినాడు.
సెల్లు రిపేరు అంగడి వాడిది.
తెలుగులో తిట్టి తమిళంలో లెక్కపెడతాడు.
డ్రమ్ములకు కస్తూరి.
వాళ్ళ నాయన పలకలు వాయిస్తాడు,
జాతరకూ, సావుకూ,
ఎలక్షనొస్తే అన్ని పార్టీలకూ.
ఆడబిడ్డకు పలకెందుకని చేతికియ్యకపోతే
నీళ్ళ బిందె బోర్లించి నేర్చుకుందంట.

మొదటి రోజే స్టూలు ఎత్తు తగ్గించింది.
నాలుగేండ్లుగా ఎవరూ తిప్పని మర
కీచుమన్నది.
జాఫర్ నా దిక్కు చూసినాడు.
నేను తీగలు శ్రుతి చేసుకుంటా వుండిపోయినా.

"అన్నా, ఆయన కొట్టినట్టు కొట్టల్నా
నేను కొట్టినట్టు కొట్టల్నా?"

శరవణ కేబులు పీకి మళ్ళీ అదే బెజ్జంలో పెట్టినాడు.
"స్పీడు తగ్గకుండా కొట్టు" అన్నా,
అదేదో జవాబైనట్టు.

తొమ్మిదో పాట యుగంధర్‌ది.
పోయే ముందు వారం సెల్లులో రికార్డు చేసింది.
ఒకటీ, రెండూ, మూడూ, నాలుగ్ అని వాడి గొంతు,
ఆ నాలుగు మీద అందరం దూకాల.
ఆరు టేకులు.
ఆరుసార్లూ కస్తూరి అర మాత్ర వెనక.
తప్పు కాదది.
ఎవరో వీధిలోంచి కేకేస్తే
చెప్పులు వెతుక్కోని వచ్చేంత ఆలస్యం.

ఏడో టేకు మధ్యలో
రోడ్డు మీద లారీ హారను,
పొడుగ్గా, దాదాపు మా శ్రుతిలోనే.
జాఫర్ వాయించేది ఆపేసినాడు.
"వాడేరా."
కస్తూరి ఆపలేదు, పాట చివరిదాకా పోయొచ్చింది.
శరవణ హెడ్‌ఫోను తీసి నిదానంగా అన్నాడు,
"సీజను మొదలైందన్నా,
పొద్దున్నించీ నలభై లారీలు పోయినాయి."

హారను వుంచినాం.
కౌంటు తీసేసినాం.
తియ్యమని ఎవరన్నారో
మళ్ళీ ఎవరూ ఒప్పుకోలేదు.
ఇప్పుడా పాట కస్తూరి పుల్లలతో మొదలవుతాది.
మూడే దెబ్బలు.
నాలుగోది వినేవాళ్ళే వేసుకోవాల.

ఇంకా రెండు పాటలు వుండంగానే
ఓనరు తాళం కప్ప తెచ్చినాడు.
గేటు బయట కాయల లోడ్లు, ఈగలు, పులిసిన వాసన.
గుడ్డు పెట్టెల అట్టలు గోడల నించి పీకతా వున్నాం.
ఆటోవాడు తొందర చేస్తా వుండాడు.

కస్తూరి ఒక పక్కన గొంతుకు కూర్చోని
స్టూలు మర విప్పి
చూపుడు వేలితో గ్రీజు పూస్తా వుండాది.
ఎవరూ చెప్పలేదు ఆమెకు.