బి వైపు చివర

అరండల్‌పేటలో మెట్ల కింద కొట్టు.
లేచి నిలబడితే తలకి మెట్టు తగిలేది.
అందుకే బాజీ ఎప్పుడూ కూర్చునే ఉండేవాడు
రెండు డెక్కుల మధ్య.
ఒకటి పాడేది, ఒకటి వినేది.

నా పని అట్టల మీద పేర్లు రాయడం.
పది తప్పినా దస్తూరి గుండ్రంగా ఉందని పెట్టుకున్నాడు.
పాటకి రూపాయి,
అందులో టేపుకి అర్ధరూపాయి నాది.

జనం చీటీలతో వచ్చేవాళ్లు,
కందిపప్పు, చింతపండు రాసినట్టే రాసుకుని:
వాన పాట ఒకటి.
పడవలో పాడేది ఒకటి.
రెండుసార్లు వస్తుంది కదా, అందులో ఏడుపుది వద్దు,
సంతోషంగా ఉన్నప్పటిది ఎక్కించండి.

పెద్దాసుపత్రి నర్సు సువార్తమ్మగారు
ఒకే పాటని ఎ వైపు మొదట్లోనూ
బి వైపు మొదట్లోనూ అడిగేది.
ఎందుకని మేం అడగలేదు.
అడిగే కొట్టు కాదది.

బాజీ విద్యంతా చివర మిగిలే తోకలో ఉండేది.
అరవై నిమిషాల టేపు, వైపుకి ఏడు పాటలు పోగా
చక్రం మీద మిగిలిన నల్లటి మందం చూసి
"రెండూ పది" అనేవాడు.
రెండు నిమిషాల పది సెకన్ల పాట
ఎక్కణ్ణించో తీసేవాడు.
పాట సగంలో తెగితే పాపం రా, అనేవాడు,
నమాజుకి ఎగనామం పెట్టిన రోజుల్లో కూడా.

నాంచారయ్య మిర్చి యార్డులో కాటా గుమాస్తా.
ఆయన గుమ్మంలోకి రాగానే మాకు తుమ్ములు మొదలయ్యేవి.
చీటీలో పదమూడు పాటలు.
పద్నాలుగు అని అంకె వేసి
పక్కన ఏమీ లేదు.
మాటలు తెలీవు. సినిమా తెలీదు.
లారీలో బస్తాల మీద పడుకుని
చిలకలూరిపేట దాటుతుంటే
ఏదో పందిట్లో మైకు పాడింది.
లారీ ఆగలేదు.

"ఎత్తుకోండి" అన్నాడు బాజీ.
ఎత్తుకున్నాడు. కారం మేసిన గొంతు.
ఆ కూనిరాగం పట్టుకుని బాజీ
మూడు ఆదివారాలు బెజవాడ బస్సెక్కాడు.
గవర్నరుపేట కొట్లన్నిట్లోనూ
కౌంటరు మీద వేళ్లతో తాళం వేసి అడిగాడు.
ఒకడు నవ్వాడు, ఒకడు టీ ఇప్పించాడు.
పాట లేదు.

నాలుగో ఆదివారం నాంచారయ్యని స్టూలు మీద కూచోబెట్టి
ఫ్యాను ఆపి
మైకు దగ్గరికి జరిపి
ఎర్ర మీట నొక్కాడు.

అట్ట మీద ఏం రాయను, అన్నాను.
"సంగీతం తెలీదు. గానం నాంచారయ్య."
అందరి పేర్లు రాసిన దస్తూరితోనే రాశాను,
ఒక్క అక్షరం చిన్నది చెయ్యకుండా.
బాజీ పదమూడు రూపాయలే తీసుకున్నాడు.

ఈమధ్య శంకర్ విలాస్ దగ్గర
తోపుడు బండి మీద పెన్‌డ్రైవు కొన్నాను.
ఆనాటి మధురాలు, వెయ్యి పాటలు.
సగానికి పైగా మా చీటీల్లోవే,
వరసే మాది కాదు.
పడవ పాట అయిపోగానే నా చెవి
సువార్తమ్మగారి టేపులో తర్వాతది అందుకోబోతుంది.
ఇంకేదో వస్తుంది.
చీకట్లో మెట్టుందనుకుని కాలు వేసినట్టు.

నెల రోజులు విన్నాను వెయ్యీ.
పద్నాలుగో పాట కోసమని ఇంట్లో చెప్పలేదు.
దొరకలేదు.
లేదా దొరికే ఉంటుంది,
వయొలిన్లతో, మంచి గొంతుతో, మాటలతో
నా ముందునుంచే వెళ్లిపోయి ఉంటుంది.
నేను గుర్తుపట్టి ఉండను.
నాకు తెలిసింది నాంచారయ్య పాడిందే,
రెండు నిమిషాల పది సెకన్లు,
మధ్యలో నా తుమ్ముతో సహా.