కోర్టు లేచేదాకా

సోంపేట కోర్టు గోడవార
నా టైపు మిషను ముందు ఢిల్లేశు.
సింగపూరు షిప్‌యార్డు ఫారం, పద్నాలుగో గడి:
ఎప్పుడైనా శిక్ష పడిందా?

పడింది. నేనే చూశాను.
జీడితోట దావా ఇరవైమూడోసారి వాయిదా పడ్డప్పుడు
"థూ" అన్నాడు.
ఉమ్మైనా రాలేదు, నోరెండిపోయి.
కోర్టు ధిక్కారం. రెండొందలు జుల్మానా,
కోర్టు లేచేదాకా బెంచీ మీద కూర్చోడం.
అయిదింటికి జడ్జిగారు లేచారు,
బంట్రోతు ఫ్యాను ఆపాడు.

"లేదని కొట్టీ బాబూ,
సముద్రం అవతలోళ్ళకి నా థూ ఇనబడతాదేటి?"

పోలీసు కాయితంలో వినబడుతుంది.
అబద్ధమాడితే
ఆ దేశం గడప ఇక జన్మకి లేదు.

వెల్డింగు మచ్చల చేతులు
బల్లమీద పెట్టి కూర్చున్నాడు.
నా వేలు అక్షరం మీదే ఉంది.

లోపల
ఎవరి పేరో మూడోసారి పిలుస్తున్నారు.