ఈ చేత్తో రోజూ ఏం చేస్తావు

మొదటిసారి వచ్చినప్పుడు
వెంట ఒకాయన ఉన్నాడు, మామయ్యనని చెప్పాడు.
కుర్రాడి కుడిచేతి వేళ్ల మీద కాలిన గాయం,
నాలుగు వారాలది, ముడుచుకుని గట్టిపడింది.
వంటింట్లో నూనె, అన్నాడు మామయ్య.
వయసు పంతొమ్మిది, అన్నాడు మామయ్య.
నొప్పి లేదని కూడా మామయ్యే అన్నాడు.

నాది చిన్న పని.
ప్లాస్టిక్ రేకును వేడినీళ్లలో మెత్తబరిచి
చేతికి తగ్గట్టు వంచుతాను.
వంచుతూ అందరినీ ఒకటే అడుగుతాను,
క్లైడ్ ఒడ్డున ఓడలు కట్టిన ముసలాళ్లనీ,
పియానో నేర్పే టీచరమ్మనీ:
ఈ చేత్తో రోజూ ఏం చేస్తావు?
గుండీలు పెట్టుకుంటాను అంటారు.
కుక్కని లాగి పట్టుకుంటాను అంటారు.
మనవరాలికి జడ వేస్తాను అంటారు.
లామ్ మామయ్య వైపు చూశాడు.

నూనె పడితే మచ్చ చిందినట్టుంటుంది.
ఇది గీత. సన్నగా, తిన్నగా,
మండే దీపం అంచుని పట్టుకున్నట్టు.
పైగా ఆ ముఖం పాలిపోయి ఉంది, ఆగస్టులో,
గ్లాస్గోకి కూడా కాస్త ఎండ దొరికే నెలలో.

కారు చీటీ తెమ్మని మామయ్యని కిందికి పంపాను.
అబద్ధమే. మా ఆస్పత్రిలో చీటీ అక్కర్లేదు.
ఫోనులో ఒక వియత్నాం గొంతు దొరికేదాకా
అదే రేకుని వేడిచేస్తూ కూర్చున్నాను.
మళ్లీ అడిగాను.
"నీళ్లు పోస్తాను. మొక్కలకి. ఇంట్లోనే.
అక్కడ రాత్రి ఉండదు."

కిందికెళ్లిన మనిషి మళ్లీ పైకి రాలేదు.
ఇల్లు మాత్రం దొరికింది,
మూడు పడగ్గదుల నిండా గంజాయి,
కిటికీలకు మేకులు.
తొమ్మిది నెలలు. పదహారేళ్లు.
పత్రికలో నాలుగు లైన్లు వేసి
తలుపులు తెరిచారు కదా, కథ అయిపోయిందనుకున్నారు.

గోవన్‌హిల్‌లో మూడో అంతస్తు గది ఇచ్చారు.
తాళంచెవి జేబులో పెట్టుకుని
తన తలుపు తనే కొట్టి
ఎవరో తీస్తారని నిలబడేవాడు.
టీయా కాఫీయా అంటే
"ఏది తాగాలి?" అనేవాడు.
దీపం ఆర్పితే భయం, వెలిగితే వణుకు.

చీకటిని కొంచెం కొంచెంగా అలవాటు చేశాం.
మొదటి వారం చేతిరుమాలంత, దీపం మీద కప్పి.
తర్వాత తువ్వాలంత.
ఉల్లిపాయ కొనడానికి మూడు వారాలు:
ఒకరోజు కొట్టుదాకా,
ఒకరోజు కొట్టులోకి,
ఒకరోజు ఉల్లిపాయని చేత్తో తూచి
మళ్లీ బుట్టలో పడేయడానికి.
నచ్చలేదట.
ఆ సాయంత్రం బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నేనూ తప్పు చేశాను.
మొక్కలు తెలిసిన పిల్లాడు కదా అని
కుండీలో పుదీనా పట్టుకెళ్లాను.
స్నానాల గదిలోకెళ్లి గడియ పెట్టుకున్నాడు.
నలభై నిమిషాలు నేల మీద కూర్చుని
ఆ తలుపుకి క్షమాపణ చెప్పాను.
పుదీనా ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది,
నీళ్లు పోయబోతే నా చెయ్యే ఆగుతుంది.

వాళ్లమ్మ మలుగు చేపతో జావ కాస్తుందట.
మలుగు దొరకలేదు, వేరే చేప వేశాం.
అస్సలు బాగోలేదన్నాడు.
గిన్నె ఖాళీ చేసి, తనే కడిగాడు,
రేకు విప్పి పక్కన పెట్టి,
అయిదు వేళ్లూ చాచి.

ఫిబ్రవరి. అడ్డంగా కొట్టే వాన.
అరవై రెండు మెట్లెక్కి తలుపు తట్టాను.
లోపల అడుగులు వచ్చాయి. ఆగాయి.
"కో," అన్నాడు, వాళ్ల భాషలో టీచరమ్మని అలా పిలుస్తారు,
మిగతాదంతా మా గ్లాస్గో యాసే,
"ఈరోజు వద్దు."

కాసేపు నిలబడ్డాను.
తలుపు తెరుచుకోలేదు.
అరవై రెండు మెట్లూ దిగాను.

కారులో ఫారం తీశాను.
సెషన్ జరిగిందా? లేదు.
కారణానికి అరంగుళం చోటు.
తనకి ఇష్టం లేదు, అని రాసి
కింద రెండు గీతలు గీశాను.