తొడుగు

బర్కాల నీళ్ళు ఉప్పగయిన సంగతి
ముందుగాల ఖర్జూరాలు చెప్పినయట.
సముద్రం అల మీద రాలేదు.
నేల కిందికెళ్ళి, పాత బాయిల దారిన,
చప్పుడు లేకుండ వచ్చింది.
ఆకు కొసలు మాడినంక గాని
తోటలోళ్ళకు తెలువలేదు.

ఆ తోటల నడుమ మా ల్యాబు.
ఎడమ తలుపు తీస్తే టమాటాలు,
కుడి తలుపు తీస్తే ఎలుకలు,
నడిమి వరండాల నా కుర్చీ, నా చాయ్ ఫ్లాస్కు.
లింబాద్రి అని పలకరాక 'లిమ్' అంటరు నన్ను,
నిమ్మకాయను పిలిచినట్టు.
గ్రీన్‌హౌస్ పైపులు మోయనీకి వచ్చినోణ్ణి.
ఏడేండ్లకు చేతికి పిపెట్ అందింది.

ఎడమ గదిల పని ఇట్లుంటది:
మడచెట్టు నుంచి ఒక జన్యువు తీసి
మట్టిల బతికే సూక్ష్మజీవి మూటల కడతం.
ఆకుకు చిన్న గాయం చేస్తం.
గాయంల నుంచి మూట లోపలికి పోతది.
ఎవడవు, ఏ ఊరు, బతాకా ఉన్నదా,
ఆకు అడగదు.
అడిగేటి ఆకులు గూడ ఉంటయి,
నల్లగయి చస్తయి.
నూటికి మూడో నాలుగో పచ్చగ లేస్తయి.

కుడి గది సంగతి చెప్పాలంటే
మా బాయికాడికి పోవాలె.
అక్కడ మోటరు తీగ తొడుగు ఎలుకలు కొరికేటివి.
ఇక్కడ ఎలుకల నరాల తొడుగునే
వాటి ఒంట్లోని కావలోళ్ళు కొరుకుతరు.
మైలిన్ అంటరు దాన్ని, తెల్లగ, వెన్న లెక్క.
కావలోళ్ళకు ఏం మతి తప్పుతదో,
ఇంటోణ్ణే దొంగ అనుకుంటరు.

పొద్దున ఏడింటికి స్కోరు రాస్త.
తోక వేలాడితే ఒకటి.
వెనుక కాలు తడబడితే రెండు.
రెండు కాళ్ళూ ఈడ్చుకుంట పోతే మూడు.
నాలుగు దాకా రానియ్యదు డాక్టర్ జువైనా.
అరచేతుల పట్టుకొని, అరబ్బీల ఏదో అని,
నిద్ర మందు ఇస్తది.
ఏమంటదో నేనెన్నడు అడగలేదు.

పోయిన రంజాన్ అయినంక, ఒక ఆదివారం,
మేడం వరండాల నడిచి వస్తున్నది.
ఎడమ చెప్పు జారింది.
వెనుకకు పోయి తొడుక్కున్నది,
నాలుగు అడుగులు వేసింది,
మళ్ళ జారింది.
"కొత్త చెప్పులు" అన్నది.
కొత్తవి కావు. మడమ దగ్గర అరిగినవే,
ఏడేండ్లు గడపకాడ నేను సర్ది పెట్టినవే.

నా చేతుల స్కోరు షీట్ ఉన్నది,
పెన్ను మూత తీసి ఉన్నది.
నా కన్ను ఒక అంకె చెప్పింది.
థూ నా కన్ను!
షీట్ బోర్లించిన.
"చాయ్ పోయాల్నా మేడం" అన్న.

మొదటిసారి నా కుర్చీల కూసున్నది.
గ్లాసు రెండు చేతులతోని పట్టుకున్నది.
"పన్నెండో ట్రే ఎట్లున్నది?"
సగం సముద్రపు నీళ్ళు కలిపి పోసిన ట్రే అది.
"ఒకటి పూత పట్టింది" అని చెప్పిన.
గోడ పట్టుకొని లేచింది, చూద్దామని.
చెయ్యి అందియ్యాల్నా వద్దా తెలువలేదు.
అందియ్యలేదు.
ఎడమ తలుపు తీసి పట్టుకొని నిలబడ్డ,
కావాల్సిన దానికంటే ఎక్కువ సేపు.

పూత కాయయింది, కాయ పండయింది.
తినొద్దు, బయటికి తీసుకపోవద్దు, అది కానూను.
తూచి, కోసి, గింజ తీసి
మిగిలింది ఆటోక్లేవుల వెయ్యాలె,
నూట ఇరువై ఒక్క డిగ్రీల మీద ఉడికియ్యాలె.

ఆవిరి ఇడిసినప్పుడు
వరండ నిండ టమాటా చారు వాసన.
కుడి గదిల, లేవగలిగిన ఎలుకలన్ని
మూతులు పైకెత్తినయి.
మేడం నా కుర్చీల ఉన్నది,
పక్కన గోడకు చేతికర్ర ఆనించి ఉన్నది.
"మీ ఇంట్ల దీన్ల ఏమేమి వేస్తరు?"
చింతపండు, ఎల్లిపాయ, జీలకర్ర,
కొద్దిగ బెల్లం, ఆఖరుకు కొత్తిమీర...
చెప్పుకుంట పోయిన.

"ఉప్పు?" అన్నది ఆమె.