శుభలేఖ గాస్కెట్

గుణుపురంలో కృత్తిబాస్ తూకం వేశాడు:
అరవై రెండు కిలోలు.
"లోపల మట్టి ఉంది, రెండు తీసెయ్" అన్నాను.
"మట్టి మాత్రం? వంశధారది, ఊరికే వస్తుందా?" అని
కిలో ఒకటే తీశాడు.

అలా పాత ఇనుము ధరకి
ఒక తోటబండి నాదయింది.
పళ్ళు ఆరు, అందులో ఒకటి బోసి.
నెత్తిన గుమ్మడికాయంత ఇంజను.
పేరుపలక మీద చివరి మూడంకెలే మిగిలాయి.
కుడి పిడి కొత్తదానిలాగే ఉంది,
ఎడమది అరిగి వేళ్ళ గుంటలు పడింది.
ఎవరో ఎడమచేతివాటం మనిషి, అనుకున్నాను.

పిస్టన్ బిగుసుకుపోయింది.
కిరసనాయిలూ డీజిలూ కలిపి పోసి
తొమ్మిది రోజులు పలకరించకుండా ఊరుకున్నాను.
మా దాలమ్మ వస్తూ పోతూ ముక్కు మూసుకుని
"ఊరగాయయినా ఈపాటికి ఊరిపోను" అంది.
పదో రోజు టేకుముక్క అడ్డం పెట్టి తట్టాను.
వెంట్రుక మందం కదిలింది.
ఆ రాత్రి నిద్రపట్టలేదని
ఎవరితో చెప్పుకోను?

టాంకీలో కుమ్మరిపురుగు కాపురం.
గులకరాళ్ళు పోసి గలగల ఊపితే
ఎర్రటి నీళ్ళు, మూడు రెక్కలు.
వాల్వులకి గరుకుపిండి రాసి
అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాను,
వెన్న రాదని తెలిసీ.
మాగ్నెటోకి ఉండాల్సిన ఎడం
ఒక పోస్టుకార్డు మందం.
తపాలా ఆఫీసు బాబు సొరుగు అడుగున వెతికి వెతికి
ఒకటి తీసి దుమ్ము ఊదాడు:
"ఎవరికి రాస్తావు?"
"నిప్పురవ్వకి."

తర్వాత కార్బురేటర్ విప్పాను.
రెండు బోల్టుల నడుమ నల్లబడిన గాస్కెట్.
గోటితో గీకితే పసుపురంగు అంచు.
ఎవరో శుభలేఖని కత్తిరించారు!
ఒకవైపు ఒడియా, ఒకవైపు తెలుగు,
ముహూర్తం ఉంది, ఊరు లేదు,
వధువు పేరు మధ్యలో బోల్టు రంధ్రం.
ఆ పెళ్ళి ఏమయిందో గానీ
పెట్రోలు మాత్రం చుక్క కారనివ్వలేదు.

దాన్ని అద్దం వెనక దాచి
నాకో అట్ట కావాలన్నాను.
దాలమ్మ పెట్టె వెతికి
పాత రేషన్ కార్డు తెచ్చింది.
అందులో నేను అప్పలస్వామిని కాను,
"అప్పొలొ సామొ"ని.
దిద్దించమని ఎన్ని కౌంటర్లు తిరిగాను!
ఇప్పుడు బ్లేడుతో చుట్టూ కోసి
నా తప్పుడు పేరుని రెండు బోల్టులతో బిగించాను.

కప్పీకి తాడు చుట్టి లాగాను. తుమ్మింది.
లాగాను. ఉలకలేదు.
నాలుగోసారి ఎదురుతన్ని
నా మణికట్టుకి బుద్ధి చెప్పింది.
పక్క అల్లం మడిలోంచి ఎలీయో రైకా వచ్చి
గట్టున కూర్చుని బీడీ ముట్టించాడు,
"మా ముసలి ఎద్దు కూడా అంతే,
చూసేవాళ్ళుంటే లేవదు" అన్నాడు.
మొహం అటు తిప్పుకోమన్నాను.
నిజంగానే తిప్పుకున్నాడు.

ఎనిమిదోసారి
డుగ్.
డుగ్ డుగ్.
తెల్లటి పొగ వంకాయ మొక్కల మీదుగా వెళ్ళింది.
రెండు గరిటెల పెట్రోలు తాగి వేడెక్కాక
కాక్ తిప్పి కిరసనాయిలుకి మార్చాను.
ఒక్క క్షణం తడబడింది,
సంతలో భాష మార్చే మనిషిలా,
మళ్ళీ అందుకుంది.

సాళ్ళ మధ్య దించాను.
ఒండ్రు విరిగి పొడిపొడిగా లేచింది.
గోరింకలు భయపడ్డాయి, తర్వాత మానేశాయి.
బండి మాత్రం కుడికి లాగుతోంది.
పళ్ళు మార్చాను, చక్రాలు మార్చాను,
అయినా కుడికే.
వంకాయలు బతకాలంటే
ఎడమ పిడి వెనక్కి గుంజి పట్టుకోవాలి,
సాలు సాలంతా, వదలకుండా.

పొద్దువాలేసరికి నాలుగు పొక్కులు.
ఎలీయో పసరు పిండుతుంటే చూశాను,
అవి సరిగ్గా ఆ గుంటల వరసలోనే ఉన్నాయి.

కాదు.
ఎడమచేతివాటం కాదు.