పాత పునాది దగ్గర పలక

ఆచావో రేవులో తొమ్మిదో రోజు వాన.
నెలిదా బర్రియా గదిలో కట్టెల పొయ్యి,
పొయ్యి పక్కనే సర్వర్.
ఏది మూలుగుతోందో చెప్పడం కష్టం.

దీవుల మధ్య పడవల వేళలు చెప్పే పేజీ ఆమెది.
పంతొమ్మిదేళ్ళుగా తెల్లటి తెర, నల్లటి పట్టిక.
నేను వాల్దివియా నుంచి వచ్చి దిగి
మూడు వారాల్లో దాన్ని పెళ్ళికూతుర్ని చేశాను:
జారే బొమ్మలు, ఎగిరే కొంగ,
వేలు తగిలితే అలలా విచ్చుకునే మెనూ.
ఆమె చూసింది. కోటు తొడుక్కుంది. "పద" అంది.

కెనాక్ గుట్ట మీద ఒఫెలినా మన్సిల్యా,
సముద్రపు పాచి ఏరి బతికే మనిషి,
పగిలిన ఫోను గాల్లోకెత్తి నిలబడి ఉంది.
సిగ్నల్ ఒక్క గీత.
నా పేజీ తెరుచుకుంటోంది.
తెరుచుకుంటోంది.
కొంగకి ఒక రెక్క వచ్చింది.
రెండో రెక్క వచ్చేలోపు
కింద పడవ కూతేసి కదిలిపోయింది.
"పక్షి బాగుందయ్యా" అంది ఒఫెలినా,
తడి సంచి మళ్ళీ భుజానికెత్తుకుంటూ.
తిట్టినా బాగుండేది.

తిరిగొస్తుంటే నెలిదా అంది:
చూపులేని ఎలియేసెర్ ఫోను చెవికానించుకుని వింటాడు.
నీ పేజీ అతనికేం చదివి వినిపించిందో తెలుసా?
"బొమ్మ. బొమ్మ. మీట. బొమ్మ."

విప్పడం మొదలుపెట్టాను, నగ తర్వాత నగ.
పట్టిక ముందొచ్చి కూర్చుంది.
రంగు వెనకాల, వీలైతే వస్తుంది,
రాకపోతే ఎవరూ రేవులో మిగిలిపోరు.

పేజీ అడుగున ఎవరూ అడగని లంకెలు కొన్ని:
ఆటుపోట్ల లెక్క కట్టే పన్నెండు వరుసల కోడు,
తేదీలు ఎందుకంత మొండివో ఒకాయన వెళ్ళబోసుకున్న గోడు,
తాడు ముడుల బొమ్మలు.
ఆదివారం ఒక్కొక్కటీ నొక్కి చూస్తుంది,
ఇరుగుపొరుగు తలుపు తట్టి "ఉన్నారా" అన్నట్టు.
పలకనివాటిని చెరపదు,
పక్కన తేదీ వేస్తుంది.

జూలైలో సర్వర్ కాస్త్రో పట్నానికి మారాలి.
చిరునామాలు కూడా మార్చేద్దాం, శుభ్రంగా, అన్నాను.
ఆమె కెటిల్ దించింది.

"మా ఇంటికి ఎద్దుల్ని కట్టి లాగారు, నాకప్పుడు ఏడేళ్ళు.
దుంగల మీద దొర్లించి, పోటు నీళ్ళలో తేల్చి
అవతలి ఒడ్డుకి చేర్చారు, కిటికీ అద్దం కూడా చెదరకుండా.
ఊరంతా లాగింది, ఊరంతా తింది.
పుంతా అరేనాస్ నుంచి పిన్ని ఉత్తరం మాత్రం
పాత చోటికే వచ్చింది.
నాలుగు పునాది రాళ్ళు, మధ్యలో ఆ కవరు, వాన.
ఏం రాసిందో ఇప్పటికీ తెలీదు.
ఆ తర్వాతే నాన్న అక్కడొక పలక కొట్టాడు,
బాణం గుర్తుతో."

నాలుగు వందల పన్నెండు పలకలు కొట్టాను,
ఒక్కో పాత దారికి ఒక్కో వరుస.

మారిన మూడో రాత్రి లాగ్‌లో ఒక గీత:
ఎక్కడినుంచో ఎవరో
పదకొండేళ్ళ కిందటి చలికాలపు వేళల్ని అడిగారు,
పలక చూసి, మలుపు తిరిగి, చేరారు.
ఎప్పుడో వెళ్ళిపోయిన పడవతో ఇప్పుడేం పని?
నెలిదాని అడిగాను.
పొయ్యిలో ఇంకో కట్టె పెట్టింది.