చివరి గడి

తాళంచెవి అంటే మూడడుగుల ఇనపకడ్డీ.
పైన అడ్డంగా పిడి, కింద నాలుగు పలకల నోరు.
పదకొండేళ్ళుగా నా మంచం మీదే పడుకుంటోంది,
మొగుడు పోయాక ఖాళీ అయిన వైపు.

నేను నోల్ఫాని. లోస్ మాయోస్ నీళ్ళ కమిటీలో
వాల్వు తిప్పే మనిషిని.
రెండొందల పధ్నాలుగు ఇళ్ళు, ఒక బావి, ఒక ట్యాంకు,
మంగళవారం, శుక్రవారం లారీ.
పై వీధికి పొద్దున ఆరు నుంచి ఏడున్నర.
కింది వీధికి ఏడున్నర నుంచి తొమ్మిది.
తర్వాత గొట్టాల్లో గాలి తిరుగుతుంది,
కుళాయిలు దగ్గుతాయి.

నది ఉంది. లేదనను.
వంతెన ఉంది, దాని మీద నది పేరున్న బోర్డుంది,
కింద గులకరాళ్ళలో పిల్లలు గోల్‌పోస్టులు పాతారు.
తలెత్తితే మాత్రం కొండలు పచ్చగా,
అవకాడో చెట్లు బారులు బారులు,
ఒక్కో చెట్టు మొదట్లో సన్నటి నల్లగొట్టం
పాలసీసా అందించినట్టు.

సాంతియాగో నుంచి ఇంజనీరొచ్చి పటం పరిచాడు.
సెకనుకి ఇన్ని లీటర్లు, ఇదిగో కంపెనీ హక్కు,
రిజిస్టరైంది, అమ్మొచ్చు, కొనొచ్చు, తాకట్టు పెట్టొచ్చు.
"మరి నదిలో లేవే ఆ లీటర్లు?" అంది హెర్మినియా.
ఆయన నీళ్ళు నమిలాడు.
ఆ ఎండలో మా ఊళ్ళో
నోటినిండా నీళ్ళున్నది ఆయనొక్కడికే.

నేను మాట్లాడలేదు. ఏ మొహంతో మాట్లాడను?
ఆ పటంలో ఓ మూల గీత మాది.
తొంభై మూడులో మా రోసెందో
తాతలనాటి కాలవ వాటా అమ్మేశాడు.
సంతకం పెట్టడం మంచినీళ్ళు తాగినంత సేపు.
"నీళ్ళెక్కడికి పోతాయే, ఎప్పుడూ వచ్చేవే కదా" అన్నాడు.
ఆ డబ్బుతో ఎర్ర పికప్ బండి కొన్నాడు.
ఆదివారం నన్నెక్కించుకుని సముద్రం దాకా తీసుకెళ్ళాడు.
నేనూ నవ్వాను. దాచను, చాలా నవ్వాను.

ఇప్పుడా బండి వెనక నీలం డ్రమ్ములు.
లారీ రాని వారం పక్క ఊరెళ్ళి మోసుకొస్తుంది,
తన ధర తనే
కొంచెం కొంచెంగా తీర్చుకుంటున్నట్టు.

పోయిన నెల, రాత్రి రెండింటికి తలుపు చప్పుడు.
ఎవుసెబియో కూతురు. కాళ్ళకి చెప్పుల్లేవు.
"నాన్న పోయాడు. ఒళ్ళు కడగాలి.
డ్రమ్ములో చెంబుడు కూడా లేవు."
నా పుస్తకంలో గడులున్నాయి:
ఇంటి నంబరు, మీటరు, బాకీ, జరిమానా.
చావుకి గడి లేదు.

కడ్డీ భుజానేసుకున్నాను.
మూత తీసి, నోరు కుదిర్చి, నాలుగు చుట్లు.
చీకట్లో నీళ్ళు కదిలితే ముందు అరికాళ్ళకి వినబడుతుంది.
తర్వాత కింది వీధి పొడుగునా
ఒక్కొక్క దీపం, ఒక్కొక్క బకెట్టు.
ఒక్క శవానికని తిప్పితే వీధంతా పట్టుకుంది.
ఎవర్ని తప్పు పట్టను?

పొద్దున పై వీధికి నలభై నిమిషాలు తక్కువ.
ఏడింటికే నా గుమ్మం ముందు జనం.
నియమం, నియమం అన్నారు. ఆ నియమం రాసింది నేనే.
లుద్గార్దా, చంకలో నెలల బిడ్డ,
అందరికంటే గట్టిగా అరిచింది.
అరిచి అరిచి, నా పుస్తకం లాక్కుని
పెన్సిలడిగింది.
జరిమానా గడి పక్కన వంకరగా ఓ గీత గీసి
ఎవుసెబియో పేరు రాసింది.
ఎదురుగా, తన ఇంటి నంబరు.

అప్పట్నుంచి ఆ గడి ఉంది.
మొన్నొక పురుడు, తగ్గని జ్వరం ఒకటి,
ఎవరిదో ఈనిన మేక కూడా.
ఎదురుగా రకరకాల చేతిరాతలు.
నా నంబరే ఎక్కువసార్లు పడుతోందని
కోశాధికారి గొణిగాడు గానీ ఆపలేదు.
ఎర్ర బండి సంగతి ఆయనకి తెలుసు.

గురువారం కోర్టు.
కంపెనీ వాళ్ళు పటం పరుస్తారు.
మేం ఈ పుస్తకం పట్టుకెళ్తున్నాం,
మేక పేజీ చింపెయ్యమన్నాడు వకీలు.
ఉంచాను.

ఇంకా ఆరు కాలేదు.
కడ్డీ చల్లగా ఉంది.